కాలువ రైతుది, ఖజానా సర్కారుది: నీటి సంఘాల నిధుల చిక్కుముడి

క్లుప్తంగా: కాలువల నిర్వహణను రైతుల సంఘాలకు అప్పగించే చట్టం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే వచ్చింది. పని చేతులు మారింది గానీ నీటి తీరువా (సాగునీటికి రైతు కట్టే పన్ను) ఎంత ఉండాలి, ఎవరు వసూలు చేయాలి, సంఘానికి ఎప్పుడు చేరాలి అన్న మూడు నిర్ణయాలూ ప్రభుత్వం చేతిలోనే ఉండిపోయాయి. సంఘాలు నీరసించిపోవడానికి రైతుల అనాసక్తి కన్నా ఈ ఏర్పాటే పెద్ద కారణం. కేంద్రం 2025లో ఆమోదించిన ఆయకట్టు ఆధునికీకరణ పథకం నిర్వహణను మళ్ళీ సంఘాలకే అప్పగిస్తోంది. ఈసారి పైపులు, సెన్సర్లు కూడా వాటితో వస్తాయి.

మళ్ళీ ఎందుకు చర్చ

ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరులో సాగునీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిగాయి. సుమారు 6 వేల నీటి సంఘాలు, వాటి మీద ఉపకాలువ స్థాయి డిస్ట్రిబ్యూటరీ కమిటీలు, ఆపైన ప్రాజెక్టు కమిటీలు ఏర్పడ్డాయి. ఏళ్ళ తరబడి పాలకవర్గాలు లేక, పేరుకే మిగిలిన సంఘాలకు మళ్ళీ అధ్యక్షులు వచ్చారు. చాలా చోట్ల పోలింగ్ దాకా పోకుండా ఏకాభిప్రాయంతోనే ఎన్నిక ముగిసింది.

కొద్ది నెలలకే, 2025 ఏప్రిల్‌లో, ప్రధానమంత్రి కృషి సించాయి యోజనలో ఉప పథకంగా ఆయకట్టు అభివృద్ధి, నీటి నిర్వహణ ఆధునికీకరణకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. 2025-26కు తొలి కేటాయింపు 1,600 కోట్ల రూపాయలు. కాలువ నీటిని ఒత్తిడితో నడిచే భూగర్భ పైపుల ద్వారా హెక్టారు స్థాయి దాకా తీసుకెళ్ళడం, కొలవడం దీని లక్ష్యం. పూర్తయ్యాక ఈ ఆస్తులన్నిటినీ నీటి వినియోగదారుల సంఘాలకు అప్పగిస్తారు. ఐదేళ్ళపాటు ఆ సంఘాలను రైతు ఉత్పత్తిదారుల సంస్థలతో గానీ ప్రాథమిక సహకార పరపతి సంఘాలతో గానీ అనుసంధానించి చేయూతనిస్తారు.

ఈ రెండు వార్తలనూ పక్కపక్కన పెడితే పాత ప్రశ్నే మళ్ళీ ఎదురవుతుంది. ప్రభుత్వం చేస్తున్న పనిని ప్రజల సంఘం తలకెత్తుకున్నప్పుడు ఆ పనికయ్యే డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? దీనికి జవాబు వెతకడానికి తెలుగు రాష్ట్రాలంత మంచి ఉదాహరణ దేశంలో మరొకటి దొరకదు. ఒకే చట్టంతో, ఒకే వేసవిలో, ఇంత పెద్ద ఎత్తున కాలువల నిర్వహణను రైతులకు అప్పగించిన రాష్ట్రం ఉమ్మడి ఆంధ్రప్రదేశే.

సంఘాలకు ముందు ఊరికి ఏముండేది

చెరువును ఊరే చూసుకున్న కాలం గురించి మాట్లాడేటప్పుడు శ్రమదానం, కట్టుబాటు గుర్తొస్తాయి. ఆ కట్టుబాటు వెనుక ఉన్న ఆదాయం సంగతి మాత్రం అంతగా గుర్తుకు రాదు. రాయలసీమ, నెల్లూరు ప్రాంతాల్లో దశబంధం ఇనాములు ఉండేవి. చెరువు తవ్వించినవారికో, దాన్ని బాగుచేసే పూచీ తీసుకున్నవారికో కొంత భూమి ఇనాముగా దక్కేది. ఆ భూమి మీద వచ్చే ఫలసాయంతో కట్ట, తూము, అలుగు చూసుకోవాలి. తెలంగాణ ఊళ్ళలో తూము తీసి మూసే నీరటికి పంట కళ్ళంలోనే మేర, అంటే ధాన్యంలో అతని వాటా, కొలిచి ఇచ్చేవారు. అతని జీతం ఏ కచేరీ నుంచీ రానక్కర్లేదు. నీళ్ళు పారి పంట పండితేనే అతనికీ గింజలు దక్కేవి.

అంటే ఆనాటి సామాజిక నిర్వహణకు ప్రత్యేకించిన ఆదాయం ఉండేది. అది నీటితోనే, పంటతోనే ముడిపడి ఉండేది. ఆ వ్యవస్థలో కులం, పెత్తనం, వెట్టి ఉన్నాయన్నదీ వాస్తవమే. కుడిమరామత్తు పేరుతో రైతుల చేత చేయించుకునే చిన్న మరమ్మతులకు మద్రాసు ప్రభుత్వం 1858లో చట్టబద్ధమైన నిర్బంధాన్నే తెచ్చింది. స్వచ్ఛందంగా సాగితే చట్టం అవసరం ఉండేది కాదు. తరవాతి వంద ఏళ్ళలో నీటిపారుదల శాఖ పెరిగింది. ఆంధ్ర ప్రాంతంలో 1956 నాటి చట్టంతో ఇనాములు రద్దయి రైత్వారీ పట్టాలుగా, అంటే మామూలు సొంత భూములుగా, మారాయి. భూమికీ చెరువుకీ ఉన్న ముడి తెగింది. మరమ్మతు బాధ్యత ప్రభుత్వానికి వెళ్ళింది, దాంతోపాటే ఖర్చూ వెళ్ళింది.

1997లో ఏం జరిగింది

1990ల మధ్యకు వచ్చేసరికి ఆ ఖర్చు పెట్టే స్థితిలో రాష్ట్రం లేదు. కాలువలకు ఇచ్చే డబ్బులో ఎక్కువ భాగం సిబ్బంది జీతాలకే పోయేది. పూడిక, జమ్ము, గుర్రపుడెక్క పెరిగి కాలువ చివరనున్న శివారు భూములకు నీరందడం మానేసింది. కట్టడం, పట్టించుకోకపోవడం, అప్పు తెచ్చి మళ్ళీ బాగు చేయడం అన్న చక్రంలో ప్రాజెక్టులు తిరుగుతుండేవి. సాగునీటి ధరలపై కేంద్రం నియమించిన వైద్యనాథన్ కమిటీ 1992లోనే నీటి తీరువా కనీసం నిర్వహణ ఖర్చునూ, పెట్టుబడిపై ఒక శాతం వడ్డీనీ రాబట్టేలా ఉండాలని సూచించింది. చాలా రాష్ట్రాలు దాని జోలికి పోలేదు.

ఆంధ్రప్రదేశ్ మాత్రం ఆ జోలికి పోయింది. 1996-97లో మొదటి తరగతి జలవనరుల కింద తొలి పంట వరికి తీరువాను ఎకరాకు 60 రూపాయల నుంచి 200కి పెంచింది. ఒక్కసారిగా మూడింతలకు పైగా పెంచడం ఏ ప్రభుత్వానికైనా సాహసమే. పెంపును రైతులు ఒప్పుకోవడానికి ఒక మాట ఇచ్చారు. వసూలైన డబ్బు మీ కాలువకే తిరిగొస్తుంది, దాన్ని మీరు ఎన్నుకున్న సంఘమే ఖర్చు పెడుతుంది అన్నారు. ఆంధ్రప్రదేశ్ రైతుల సాగునీటి వ్యవస్థల యాజమాన్య చట్టం 1997లో వచ్చింది. ఆ జూన్‌లో 10 వేలకు పైగా సంఘాలకు ఎన్నికలు జరిగాయి. ప్రపంచ బ్యాంకు రుణంతో తొలి విడత మరమ్మతులు మొదలయ్యాయి.

మొదటి రెండు మూడేళ్ళలో ఫలితం కనిపించింది. ఏళ్ళుగా పూడిక తీయని కాలువల్లో పని జరిగింది, శివార్లకు కొంత నీరు చేరింది. అయితే ఆ పనుల్లో ఎక్కువ భాగానికి ఆధారం రుణంతో వచ్చిన సొమ్ము. ఆ డబ్బు ఉన్నంత కాలం సంఘం చురుగ్గా ఉంది. అది తగ్గాక తీరువా వాటాతోనే నెట్టుకురావలసి వచ్చినప్పుడు అసలు లోపం బయటపడింది.

డబ్బు నడిచే దారి

తీరువా రైతు జేబులోంచి బయలుదేరి కాలువ గట్టు మీదకు చేరే దారి ఇది. పంట కాలంలో రెవెన్యూ, నీటిపారుదల సిబ్బంది కలిసి ఏ సర్వే నంబరులో ఏ పంట వేశారో అజమాయిషీ (తనిఖీ) చేస్తారు. ఆ లెక్కల మీద డిమాండ్, అంటే వసూలు కావలసిన మొత్తం, తయారవుతుంది. గ్రామ రెవెన్యూ అధికారి వసూలు చేసి ఖజానాలో జమ చేస్తాడు. పద్దులు సరిచూశాక సంఘాల వాటా లెక్క తేలాలి. భారీ ప్రాజెక్టుల కింద ఆ వాటాలు ఇలా ఉండేవి: నీటి సంఘానికి సగం, డిస్ట్రిబ్యూటరీ కమిటీకి 20 శాతం, ప్రాజెక్టు కమిటీకి 20 శాతం, గ్రామ పంచాయతీకి 10 శాతం. చిన్న వనరుల కింద పంచాయతీ వాటా పోగా మిగిలిన 90 శాతమూ సంఘానిదే. తరవాత బడ్జెట్ కేటాయింపు, విడుదల ఉత్తర్వు, బిల్లుకు ట్రెజరీ ఆమోదం.

ఈ దారిలో ప్రతి మలుపులోనూ కొంత జారిపోతుంది. అజమాయిషీలో ఎకరాలు తక్కువ పడతాయి. రెవెన్యూ సిబ్బందికి తీరువా వసూలు పది పనుల్లో ఒకటి, అదీ చివరిది. ఎక్కువ వసూలు చేస్తే వాళ్ళకు ఒరిగేదీ లేదు, తక్కువైతే పోయేదీ లేదు. వసూలైనది ఖజానాలో కలిశాక జీతాలు, పింఛన్లు, సంక్షేమ పథకాలతో పోటీ పడాలి. ఆర్థిక శాఖకు నగదు కటకట వచ్చినప్పుడు ముందు ఆగేవి ఇలాంటి చిన్న బిల్లులే.

ఇది నీటి సంఘాల ఒక్కరి గోడు కాదు. ఆస్తి పన్ను మీద స్థానిక సంస్థలు వసూలు చేసే 8 శాతం గ్రంథాలయ సెస్సుది కూడా ఇదే కథ. మునిసిపాలిటీలు, పంచాయతీలు ప్రజల దగ్గర వసూలు చేసి, గ్రంథాలయ సంస్థలకు జమ చేయకుండా బకాయి పెట్టడం తెలుగు రాష్ట్రాల్లో దశాబ్దాలుగా వస్తున్న ఆనవాయితీ. ఒకరు వసూలు చేసి మరొకరికి ఇవ్వాల్సిన సొమ్ము దారిలో ఆగిపోవడానికి ఎవరి దురుద్దేశమూ అక్కర్లేదు.

రెండో చిక్కు సమయానిది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో నీళ్ళు ఆపి కాలువలు కట్టేసేది ఏప్రిల్, మే నెలల్లో. పూడిక తీయాలన్నా, షట్టర్లు మార్చాలన్నా, గండ్లు పూడ్చాలన్నా అప్పుడే. జూన్‌లో నీళ్ళు వదిలాక మట్టి పని సాగదు. సరిగ్గా ఆ రెండు నెలలే కొత్త ఆర్థిక సంవత్సరం తొలి నెలలు. మార్చి 31తో పాత కేటాయింపులు మురిగిపోతాయి, కొత్తవి చేతికందడానికి వేసవి గడిచిపోతుంది. నీళ్ళు వచ్చాక నిధులు వస్తే సంఘం ముందు రెండే దారులు: పని వచ్చే ఏడాదికి వాయిదా వేయడం, లేదా నీళ్ళలోనే పని జరిగినట్టు రాయడం. రెండో దారి తొక్కిన సందర్భాల మీద ఆరోపణలు అన్ని జిల్లాల్లోనూ వినిపించాయి. వాటిలో కొంత భాగం అవినీతి అయినా, దానికి చోటిచ్చింది ఈ క్యాలెండరు.

200 రూపాయల విలువ ఎంత

తీరువా రేటు అప్పటి నుంచీ దాదాపు అక్కడే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఖరీఫ్ వరికి ఎకరాకు 200, రబీకి 150 అన్న లెక్కే ఇటీవలి వసూళ్ళలోనూ వినిపించింది. ఈ మధ్యలో ఏం మారిందో చూడటానికి ధాన్యం ధరే సరైన కొలబద్ద, ఎందుకంటే కట్టేది వరి రైతే. 1996-97లో సాధారణ రకం వరి మద్దతు ధర క్వింటాలుకు 380 రూపాయలు. 200 రూపాయల తీరువా అంటే సుమారు 53 కిలోల ధాన్యం. 2024-25లో మద్దతు ధర 2,300. అదే 200 ఇప్పుడు 9 కిలోల లోపు. రైతు మీద భారం ఆరో వంతుకు తగ్గింది. సంఘానికి అందాల్సిన డబ్బు విలువా అంతే తగ్గింది.

సంఘం వైపు నుంచి లెక్క వేస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. రెండు వేల ఎకరాల ఆయకట్టున్న ఒక సంఘాన్ని ఊహించుకుందాం. అంతా వరే, ప్రతి ఎకరం నుంచీ తీరువా వసూలైంది అనుకుంటే ఖరీఫ్ డిమాండ్ 4 లక్షలు. సంఘం వాటా సగం, 2 లక్షలు. 2024-25లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. ఆ కూలి లెక్కన సంఘం ఖరీఫ్ ఆదాయమంతా 670 పనిదినాలకు లోపే సరిపోతుంది. ఇరవై మంది కూలీలను పెడితే నెల రోజుల పని. సిమెంటు, ఇనుము, షట్టరు, గ్రీజు, ఎక్స్‌కవేటరు అద్దె, దీంట్లో ఏదీ చేరలేదు. కాలువ కనిపెట్టుకుని ఉండే లస్కరు జీతం లేదు. లెక్కలు రాసే గుమాస్తా, కూర్చునే గది అసలే లేవు. వసూలు సగానికి పడిపోతే పదిహేను రోజుల పని మిగులుతుంది.

ఉపాధి హామీ పనుల్లో పిల్లకాలువల పూడిక తీయించి ఈ లోటు కొంత పూడ్చుకున్న చోట్లు ఉన్నాయి. మట్టి పనికి అది పనికొచ్చింది. తుప్పు పట్టిన షట్టరుకు పనికిరాలేదు. పైగా పనులు ఎప్పుడు, ఎక్కడ అన్నది ఆ పథకం నిబంధనలను బట్టి ఉండేది, నీళ్ళు వదిలే తేదీని బట్టి కాదు.

తమంతట తాము రుసుము వేసుకోవచ్చు కదా అన్న ప్రశ్న సహజం. 1997 చట్టం సంఘాలకు ఆ వెసులుబాటు ఇచ్చింది. వాడుకున్న సంఘాలు బహు అరుదు. ఒకసారి సర్కారుకు తీరువా కట్టిన రైతు, అదే నీటికి సంఘం మళ్ళీ డబ్బులడిగితే రెండో పన్ను అనుకుంటాడు. సంఘం అధ్యక్షుడూ వచ్చే ఎన్నికల్లో అతని ఓటే అడగాలి. మరో అడ్డంకి కౌలుది. రికార్డుల్లో పేరున్న కౌలు రైతుకు సభ్యత్వం ఉంటుంది గానీ డెల్టాల్లో కౌలు ఎక్కువ భాగం నోటిమాట మీదే నడుస్తుంది. ఓటున్న భూయజమాని పట్నంలో ఉంటాడు, నీళ్ళు కావలసిన కౌలుదారుకు ఓటుండదు. రుసుము పెంచే తీర్మానం పెడితే చేయెత్తేది ఎవరు?

సొంత డబ్బు పెట్టగలిగినవారికే పదవి

నిధుల ఏర్పాటు నాయకత్వం స్వభావాన్ని కూడా నిర్ణయించింది. ఈ వ్యవహారంలో దీనికి దక్కాల్సినంత దృష్టి దక్కలేదు.

సంఘాలు చిన్న పనులను టెండరు లేకుండా నామినేషన్ మీద చేయించుకునే వీలుండేది. కాంట్రాక్టరుకు పోయే లాభం ఆదా అవుతుంది, స్థానికులకు పని దొరుకుతుంది, నాణ్యత మీద రైతుల కన్ను ఉంటుంది అన్నది ఆలోచన. ఆచరణలో పని ముందు జరగాలి, కొలతల పుస్తకంలో నమోదు కావాలి, బిల్లు తరవాత రావాలి. ఆ మధ్యకాలంలో కూలీలకు, యంత్రాలకు ఇచ్చే డబ్బు ఎవరిది? సంఘం ఖాతాలో నిల్వ లేదు, బ్యాంకు సంఘానికి అప్పు ఇవ్వదు. కాబట్టి అధ్యక్షుడే పెట్టాలి. రెండెకరాల రైతు పెట్టలేడు. పెట్టగలిగింది పెద్ద రైతో, అంతకుముందే కాంట్రాక్టులు చేస్తున్నవాడో, పార్టీ అండ ఉన్నవాడో. పెట్టినవాడు వడ్డీ కలుపుకొని రాబట్టుకోవాలని చూస్తాడు. నీటి సంఘం అధ్యక్ష పదవి కాంట్రాక్టరు పదవిగా మారిందన్న విమర్శకు మూలం వ్యక్తుల గుణంలో కంటే ఈ పెట్టుబడి అవసరంలో ఉంది.

ఆ పెట్టుబడికి పూచీ కూడా లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2014-19 మధ్య నీరు-చెట్టు అన్న ప్రభుత్వ పథకం కింద జరిగిన పనుల బిల్లులు ప్రభుత్వం మారాక ఏళ్ళ తరబడి పెండింగులో ఉండిపోయాయి. పనుల్లో అక్రమాలు ఉన్నాయా లేదా అన్నది విడిగా తేలాల్సిన సంగతి. ఆ అనుభవం చూశాక మాత్రం రాజకీయ రక్షణ లేని సామాన్య రైతు సంఘం పనికి సొంత డబ్బు పెట్టడానికి జంకడం సహజం. చట్టంలో సామాజిక తనిఖీ ఉంది, పనుల ఉపసంఘం, ఆర్థిక ఉపసంఘం ఉన్నాయి. అవన్నీ సంఘం చేతిలో డబ్బు ఉంటుందనుకొని రాసిన కాగితాలు.

తీరువా తీసేస్తే ఏమవుతుంది

తెలంగాణ మరో దారి పట్టింది. రాష్ట్రం ఏర్పడ్డాక నీటి తీరువాను, బకాయిలతో సహా, వదిలేసింది. సంఘాలకు ఎన్నికలూ జరగలేదు. మిషన్ కాకతీయ కింద 2015 నుంచి చెరువుల పునరుద్ధరణను శాఖే చేపట్టింది. రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువులను దశలవారీగా బాగు చేయాలన్నది లక్ష్యం.

అందులో ఒక సంగతి నిధుల చర్చకు నేరుగా సంబంధించింది. తవ్విన పూడిక మట్టిని పొలాలకు తోలుకెళ్ళే ఖర్చు రైతులే పెట్టుకున్నారు. ఏ చట్టమూ వసూలు చేయని, ఏ సంఘమూ తీర్మానించని విరాళం అది. ఒండ్రు మట్టి వేస్తే భూమికి సత్తువ వస్తుందని తెలుసు కాబట్టి ట్రాక్టరు కిరాయి భరించారు. రైతులు డబ్బు పెట్టరన్న వాదన ఇక్కడ నిలవదు. ఇచ్చినదానికి తన పొలంలో ఫలితం కళ్ళకు కనపడితే పెడతారు. మట్టి తోలుకున్న మరుసటి ఏడాది కట్ట మీద మొలిచిన తుమ్మ చెట్లు కొట్టేదెవరన్నది మాత్రం అలాగే మిగిలింది. దానికి సంఘమూ లేదు, పద్దూ లేదు.

ఫిలిప్పీన్స్ కూడా 2018లో చట్టం చేసి ఎనిమిది హెక్టార్ల లోపు రైతులకు సాగునీటి రుసుము ఎత్తేసింది. అక్కడ 1970ల నుంచి జాతీయ సాగునీటి సంస్థ రుసుము ఆదాయం మీద ఆధారపడి నడిచేది. వసూలు చేసిపెట్టిన రైతు సంఘాలకు అందులో వాటా దక్కేది. రుసుము పోయాక ఆ లోటును బడ్జెట్ సబ్సిడీతో పూడ్చాల్సి వచ్చింది. ఉచితం వల్ల కాలువలు వెంటనే పాడైపోతాయనడం తొందరపాటు. ప్రభుత్వం ఏటా, సమయానికి, సరిపడా ఇస్తే నిర్వహణ సాగుతుంది. మారేది సంఘం చూపు. రుసుము వసూలు చేసే సంఘం నీళ్ళందని రైతు ముందు జవాబుదారు, ఎందుకంటే అతను కట్టనంటాడు. గ్రాంటుతో నడిచే సంఘం ఇంజినీరు దగ్గర, ఎమ్మెల్యే దగ్గర జవాబుదారు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నమూనాలో చిత్రం ఏమిటంటే, తీరువా ఉంది కానీ ఈ జవాబుదారీ లేదు. కాలువ మొదట్లో ఉన్న రైతు ఎన్ని తడులు పెట్టినా ఎకరాకు అంతే. చివర ఉన్న రైతుకు సగం తడులే అందినా పంట పండితే అంతే. శివారు రైతు కట్టకపోయినా సంఘానికి తెలియదు. కట్టించుకునేది తహసీల్దారు కార్యాలయం కాబట్టి.

వేరేగా నడిచిన చోట్లు

మెక్సికో 1982 రుణ సంక్షోభం తరవాత దాదాపు ఇవే కారణాలతో కాలువలను వదిలించుకోవాలనుకుంది. 1989లో జాతీయ జల కమిషన్ ఏర్పాటు చేసి, 1990 నుంచి సాగునీటి జిల్లాలను విభాగాలుగా చేసి రైతు సంఘాలకు అప్పగించింది. 1990ల చివరికే ఆయకట్టులో అధిక భాగం చేతులు మారింది. తేడా వసూలులో ఉంది. రుసుమును సంఘమే వసూలు చేస్తుంది. చాలాచోట్ల తడికి ముందే కట్టాలి, కట్టిన రసీదు చూపితేనే వంతు. వచ్చిన దాంట్లో ప్రధాన కాలువలు, జలాశయాల నిమిత్తం కొంత వాటా కమిషన్‌కు పైకి వెళ్తుంది. డబ్బు కింద నుంచి పైకి నడుస్తుంది. సంఘం సొంతంగా మేనేజరును, కాలువ సిబ్బందిని జీతానికి పెట్టుకుంది. అక్కడ సంఘాల పరిమాణమూ పెద్దది, వేల హెక్టార్లు, కాబట్టి జీతాల భారం పంచుకోవడం సాధ్యమైంది. అక్కడా ద్రవ్యోల్బణంతో పాటు రుసుము పెరగని చోట యంత్రాలు తుప్పు పట్టాయి.

అంత దూరం పోనక్కర్లేదు. మహారాష్ట్రలో నాసిక్ జిల్లా వాఘాడ్ ప్రాజెక్టు కింద 24 సంఘాలు కలిసి ప్రాజెక్టు స్థాయి సమాఖ్యగా మొత్తం ఆయకట్టును నడుపుకుంటున్నాయి. సంఘం జలవనరుల శాఖ నుంచి నీటిని ఘనపరిమాణం లెక్కన కొంటుంది. సభ్యులకు తన రేటుకు పంచుతుంది. కొన్న ధరకూ అమ్మిన ధరకూ తేడాతో నిర్వహణ సాగుతుంది. నీళ్ళు ఆదా అయితే ఆ లాభం సంఘానిదే. అయితే దీన్ని యథాతథంగా తెచ్చి డెల్టాలో నాటడం కష్టం. వాఘాడ్ రైతులు పండించేవాటిలో ద్రాక్ష ఉంది, నీటి ఖర్చు పంట విలువలో చిన్న భాగం. పొలం నుంచి పొలానికి నీళ్ళు పారే వరి ఆయకట్టులో ఎవరు ఎంత వాడారో కొలవడమే పెద్ద పని, సంఘం ముఖద్వారం దగ్గర కొలిచి టోకుగా అమ్మితే తప్ప.

కొత్త పథకం ముందున్న లెక్క

పైపుల వ్యవస్థ వచ్చాక ఖర్చుల స్వరూపమే మారుతుంది. మట్టి కాలువకు ఏడాదికోసారి పార, బుట్ట, యంత్రం చాలు. ఒక ఏడాది మానేసినా నీళ్ళు తగ్గుతాయి గానీ ఆగవు. ఒత్తిడితో నడిచే పైపులకు పంపు కావాలి, పంపుకు కరెంటు కావాలి, వాల్వులు, మీటర్లు, సెన్సర్లు చెడితే ఊళ్ళో బాగుచేసేవాడు ఉండడు. ఒక్క భాగం ఆగితే మొత్తం ఆగుతుంది. అంటే నిర్వహణ ఖర్చు పెరగడంతో పాటు, వాయిదా వేసే వీలు కూడా పోతుంది.

దీనికి పూర్వానుభవం ఇక్కడే ఉంది. సాగునీటి అభివృద్ధి సంస్థ నదులు, వాగుల మీద కట్టిన చిన్న ఎత్తిపోతల పథకాలను లబ్ధిదారుల కమిటీలకే అప్పగించారు. మోటారు కాలినా, ట్రాన్స్‌ఫార్మరు పోయినా, స్టార్టరు మాడినా రైతులే చందాలు వేసుకోవాలి. వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చాక కరెంటు బెంగ తగ్గింది గానీ పెద్ద మరమ్మతు వచ్చిన ఏడు చాలా పథకాలు మూలన పడ్డాయి. చిన్న ఖర్చులకు చందా వస్తుంది. లక్షల్లో ఖర్చు ఒక్కసారి వచ్చిపడినప్పుడు రాదు. దానికి ముందు నుంచీ నిల్వ ఉండాలి. నిల్వకు ఏటా కొంత పక్కన పెట్టే ఆదాయం ఉండాలి.

కాబట్టి రాష్ట్రం, సంఘం కుదుర్చుకునే ఒప్పందంలో చూడాల్సినవి కొన్నే. రుసుము నిర్ణయించే అధికారం, వసూలు చేసే అధికారం సంఘానికి ఉన్నాయా? కొత్త రుసుము పాత తీరువా మీద అదనమా, దాని బదులా? తీరువా లేని తెలంగాణలో ఇది ఇంకా సున్నితం, రద్దయిన పన్ను మరో పేరుతో వచ్చిందన్న విమర్శ మొదటి రోజే ఎదురవుతుంది. ప్రధాన కాలువ నుంచి సంఘానికి ఇంత నీరు ఇస్తామన్న హామీ రాతపూర్వకంగా ఉందా? నీటికి హామీ లేకుండా రుసుముకు హామీ అడగలేరు. ఏప్రిల్, మే నెలల పనులకు ముందస్తు నిధి, మార్చి 31తో మురిగిపోని ఖాతా ఉన్నాయా? ప్రకృతి వైపరీత్యం వల్ల వచ్చే పెద్ద నష్టం ఎవరిది? 2024లో బుడమేరుకు పడిన గండ్ల లాంటివాటిని ఏ సంఘమూ భరించలేదు, వాటిని ఒప్పందం విడిగా చెప్పాలి.

పరపతి సంఘాలతో అనుసంధానం ఈ కోణంలో ఆసక్తికరమైన మార్పు. నీటి సంఘానికి లేని గుమాస్తా, లెక్కల పుస్తకం, బ్యాంకు సంబంధం పరపతి సంఘానికి ఉన్నాయి. పంట రుణం ఇచ్చేటప్పుడే నీటి రుసుము మినహాయించుకోగలదు, వేసవి పనులకు స్వల్పకాలిక అప్పు ఇవ్వగలదు. అధ్యక్షుడు సొంత డబ్బు పెట్టాల్సిన పరిస్థితి తప్పుతుంది. మరోవైపు తెలుగు రాష్ట్రాల్లో చాలా పరపతి సంఘాలు తమ బకాయిలతోనే సతమతమవుతున్నాయి. వాటి పాలకవర్గాల ఎన్నికలూ వాయిదాల మీద నడుస్తున్నాయి. నామినేటెడ్ కమిటీ ఉన్న పరపతి సంఘం, ఎన్నికైన నీటి సంఘం ఒకే ఖాతాను పంచుకుంటే సంతకం ఎవరిదన్నది తేలాలి.

కేంద్రం 2025లో ప్రకటించిన ప్రకారం ఈ తొలి దశ ప్రయోగాత్మకమే. దీని అనుభవాల ఆధారంగా 16వ ఆర్థిక సంఘం కాలానికి, 2026 ఏప్రిల్ నుంచి, దేశవ్యాప్త ఆయకట్టు అభివృద్ధి ప్రణాళిక ఉంటుందని అప్పుడు చెప్పింది. ప్రయోగం కింద ఎంచుకున్న ఆయకట్టుల్లో పైపులు ఎంత వేగంగా పడ్డాయన్నది ఏడాదిలో తెలుస్తుంది. రుసుము ఎవరు, ఎంత వసూలు చేశారు, మరమ్మతు నిధిలో ఎంత నిల్వ చేరిందన్నది తెలియడానికి కనీసం రెండు మూడు పంటకాలాలు పడుతుంది. జాతీయ ప్రణాళిక నిబంధనలు మాత్రం అంతకంటే ముందే రాసుకోవాల్సి ఉంటుంది.